కొంగ కంటికి కమ్మిన పొర

వియ్యానికైనా కయ్యానికైనా సమఉజ్జీ కావాలంటారు. నాకా రెండూ ఒకే మనిషిలో దొరికాయి. ఉదయాన్నే నేను ఆపరేషన్ థియేటర్ల అంతస్తుకి చేరేసరికి మా అమ్మాయి మామగారు లిఫ్టుకి ఎదురుగా కుర్చీ వేసుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టారు. నేనూ పెట్టాను. అల్లుడిగారి నడుంనొప్పి ఎలా ఉందని నేనడిగాను. మనవరాలికి ఇంకో పన్ను వచ్చిందని ఆయన చెప్పారు. ఆ మర్యాదలన్నీ సక్రమంగా ముగిశాక ఆయన గొంతు తగ్గించారు.

"చెల్లెమ్మగారూ, అనవసరంగా శ్రమపడి వచ్చారు. ఈ కేసు నిన్న సాయంత్రమే అయిపోయింది."

నేను పోలీసు ఉద్యోగం నుంచి బయటికొచ్చి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నదాన్ని. ఆయన కంపెనీల తరఫున నిజాలు తవ్వే పరిశోధకుడు. ఇద్దరం ఒకే కేసులో తలపడటం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ ఆయనే గెలిచారని నలుగురికీ చెప్పుకోవడం ఆయనకి అలవాటు. అందులో ఒకటి నేను గెలిచాను, పెళ్ళి ఖాయమయ్యే రోజులు కాబట్టి నోరు మూసుకున్నాను, అంతే.

కేసు ఇదీ. ఆపరేషనుకి ముందు మనిషికి మత్తు ఇచ్చాక ఊపిరి అందించడానికి నోట్లోంచి శ్వాసనాళంలోకి ఒక గొట్టం వెయ్యాలి. పూర్వం కంటితో చూసి వేసేవారు. ఇప్పుడు కొసన కెమెరా, పైన చిన్న తెర ఉన్న పరికరాలు వచ్చాయి. అలాంటివి రెండింటిని ఈ ఆసుపత్రిలో కొన్ని నెలలుగా పోల్చి చూస్తున్నారు. ఏది దారి త్వరగా చూపిస్తుంది, ఏది గొంతుకి తక్కువ నొప్పి చేస్తుంది అన్నది ప్రశ్న. ముందుగా తేదీ పెట్టుకుని వచ్చిన రోగుల్లో ఒప్పుకున్నవాళ్ళకి మత్తు ఇచ్చి, అప్పుడు అంటించిన కవరు ఒకటి తెరుస్తారు. అందులో ఏ పరికరం పేరుంటే దానితోనే గొట్టం వెయ్యాలి. ఒకటి పచ్చగా, వంకర ముక్కుతో ఉంటుంది కాబట్టి థియేటర్లో అందరూ దాన్ని చిలుక అంటారు. రెండోది తెల్లగా, సన్నగా, పొడుగ్గా ఉంటుంది. అది కొంగ.

ఈ నెలలో కొంగ మూడుసార్లు మొండికేసింది. మూడుసార్లూ రోగి నోట్లోకి వెళ్ళగానే తెర పాలు పోసినట్టు తెల్లబడిపోయింది. మూడుసార్లూ అది పట్టుకున్న చెయ్యి ఒకటే. మొదటి ఇద్దరికీ వేరే దారిలో గొట్టం వేసి గట్టెక్కించారు. మూడో మనిషికి మాత్రం ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయింది. ఆపరేషన్ ఆపేసి, అతణ్ణి మత్తులోంచి లేపి, ఐసీయూలో పెట్టారు. ఆ చెయ్యి ఒక మత్తు డాక్టరమ్మది. ఈ పోలిక మొత్తం నడిపిస్తున్నది కూడా ఆ అమ్మాయే. ప్రస్తుతం సస్పెన్షన్లో ఉంది. తొమ్మిది గంటలకి కమిటీ కూర్చుంటుంది. తప్పు ఆమెదేనని తేలితే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, ఆమె జన్మలో మళ్ళీ ఎవరికీ మత్తు ఇవ్వకుండా చెయ్యమని పైకి రాస్తారు.

మా వియ్యంకుడు గారిని పెట్టుకున్నది కొంగని తయారుచేసే కంపెనీ. నన్ను పెట్టుకున్నది ఆమె అత్తగారు. నా చిన్ననాటి స్నేహితురాలు. నా ఆఫీసుకొచ్చి, కూర్చోకుండానే విషయం చెప్పింది. తన కోడలు తప్పు చేసుంటే చేసిందని చెప్పాలట, చెయ్యకపోతే ఎవరు చేశారో పట్టుకోవాలట. మధ్యలో ఓదార్పు మాటలు వద్దంది. కోడలి కోసం ఇంత పట్టుదలగా వచ్చిన అత్తగారిని నా సర్వీసులో చూడలేదు. అందుకే ఒప్పుకున్నాను.

ముందు ఐసీయూకి వెళ్ళాను. ఆ మూడో రోగి చేపల రేవులో వేలంపాట పాడే మనిషి. అరుపుల మీద బతికేవాడు. హెర్నియా ఆపరేషనుకి వచ్చి, గొంతు బొంగురు పోయి పడుకున్నాడు. రెండు రోజుల్లో గొంతు బాగైపోతుందనీ, ఈలోగా గుసగుసగా మాత్రమే మాట్లాడాలనీ డాక్టర్లు చెప్పారట. ఇరవై ఏళ్ళలో మొదటిసారి తన మాట వినడానికి భార్య దగ్గరికొచ్చి కూర్చుంటోందని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు సగం బెంగ తీరింది.

మత్తు ఇవ్వకముందు ఏమేం గుర్తున్నాయని అడిగాను. చలి గుర్తుందన్నాడు. ఆ రోజు మొదటి ఆపరేషన్ తనదేననీ, రాత్రంతా ఏసీ ఆడిన గది కావడంతో పళ్ళు టకటకలాడాయనీ, డాక్టరమ్మ రెండు దుప్పట్లు కప్పిందనీ చెప్పాడు. మళ్ళీ మెలకువ వచ్చేసరికి ఆమె పక్కనే ఉందట. తను చెయ్యాల్సిన పని చెయ్యలేకపోయానని, పొరపాటు ఎక్కడ జరిగిందో తెలియలేదని, తెలుసుకుని వచ్చి చెబుతానని తనంతట తనే చెప్పిందట.

"రోజూ నలభైమంది వేలం పాడతారమ్మా నా ముందు. ఎవడు నిజంగా కొంటాడో, ఎవడు రేటు పెంచి తప్పుకుంటాడో గొంతు వింటే చెప్పేస్తాను," అన్నాడు గుసగుసగా. "ఆ పిల్ల గొంతులో దొంగతనం లేదు."

గొంతు సాక్ష్యాన్ని కమిటీ ఒప్పుకోదు. అయినా మొదటి ఆపరేషన్, చలి అన్న రెండు మాటలు నా చెవిలో ఉండిపోయాయి. నర్సుని అడిగితే మిగతా రెండుసార్లు కూడా ఆయా రోజుల మొదటి ఆపరేషన్లలోనే జరిగిందని తేలింది. మధ్యాహ్నం చేసిన వాటిలో కొంగ ఎప్పుడూ పేచీ పెట్టలేదు.

థియేటరు తలుపు దగ్గర డాక్టరమ్మ నిలబడి ఉంది. ముప్పై అయిదు దాటి ఉండవు. నిద్రలేని కళ్ళు, దువ్వుకోవడం మర్చిపోయిన జుట్టు. మొదటి ఆపరేషన్లన్నీ నీ చేతికే ఎందుకొచ్చాయని అడిగాను. అందరికంటే ముందు తనే వస్తుంది కాబట్టి తనే తీసుకుంటుందట. తెర తెల్లబడినప్పుడు ఏమనుకున్నావన్నాను. మొదటిసారి ఉమ్ము అడ్డొచ్చిందనుకుందట. రెండోసారి గొట్టానికి రాసే జెల్లీ అంటుకుందనుకుందట. మూడోసారి అనుకోవడానికి టైము లేదంది. ఆవిరి పట్టిందేమో అని తట్టలేదా అంటే తల అడ్డంగా ఊపింది. కొంగ కొసన లోపల చిన్న హీటరు ఉంటుందనీ, ఆవిరి పట్టని కన్ను అన్నదే దాని గొప్ప అనీ చెప్పింది.

"కంపెనీ వాళ్ళ మొదటి మాటే అది పిన్నిగారూ. అందుకే అటు ఆలోచన కూడా పోలేదు," అంది.

వెనకనుంచి మా వియ్యంకుడు గారు అందుకున్నారు. ఆవిరి ప్రసక్తే లేదనీ, కొంగ కంటి మీద ఎండిపోయిన జెల్లీ తానే స్వయంగా చూశాననీ, డాక్టరుగారు పోయిన ఏడాది చిలుక కంపెనీవాళ్ళ శిక్షణకి వెళ్ళొచ్చారనీ ఒక్కొక్కటే మేకులు కొట్టినట్టు చెప్పారు. చిలుకని గెలిపించడానికి కొంగ కంట్లో జెల్లీ కొట్టారన్నది ఆయన తీర్మానం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. డాక్టరమ్మ ముఖం కందిపోయింది.

సాక్ష్యం చూపించమన్నాను. కొంగ చూసిందంతా దానంతటదే రికార్డు అవుతుంది. ఆయన లాప్‌టాప్ తెరిచి మూడోసారి జరిగిన రోజు వీడియో పెట్టారు. తెలుపు. ఎక్కడో లోతులో గులాబీ రంగు నీడ, మళ్ళీ తెలుపు. కొంతసేపటికి పరికరాన్ని బయటికి తీసేసినట్టు తెర ఊగింది. ఆయన ఆపేశారు. మిగతాది కూడా వెయ్యమన్నాను. ఇంకేముంది, బల్ల మీద పడి ఉంది అన్నారు. నేను సినిమాహాల్లో లైట్లు వేసేదాకా లేవని మనిషిని. పడి ఉన్నదే చూస్తానన్నాను.

ఆయన విసుగ్గా మీట నొక్కారు. తెర తెల్లగానే ఉంది. వెనకనుంచి డాక్టరమ్మ గొంతు, మిషన్ల చప్పుడు వినిపిస్తున్నాయి. ఆ మనిషిని బతికించడానికి వాళ్ళు పడుతున్న తంటాలు వింటూ నిలబడటం కష్టంగానే ఉంది. అంతలో తెలుపు నడిమధ్యన పలచబడింది. చిన్న చుక్కలా మొదలై అంచులదాకా విచ్చుకుంది. కప్పుకి బిగించిన గుండ్రటి దీపాలు, వాటి మరలతో సహా స్పష్టంగా కనిపించాయి.

"మీ జెల్లీని ఎవరు తుడిచారు అన్నయ్యగారూ?" అన్నాను.

ఎవరో తుడిచి ఉంటారన్నారు. బొమ్మలోకి ఒక్క వేలు కూడా రాలేదని చూపించాను. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి గానీ తగ్గలేదు. వాదనలెందుకు, పరికరంలో లోపం లేదని ఇప్పుడే రుజువు చేస్తానని లోపలికి దారితీశారు. మాకు థియేటరు గౌన్లు, టోపీలు, మాస్కులు ఇచ్చారు. టోపీ ఆయన బట్టతలకి సరిపోయి నా కొప్పుకి సరిపోలేదు. ఆయన చూసి చూడనట్టు ఊరుకున్నారు. వియ్యంకుడన్నాక ఆ మాత్రం గౌరవం ఉండాలి మరి.

గది మధ్యలో బల్ల మీద, కొత్త డాక్టర్లు గొట్టం వెయ్యడం నేర్చుకునే రబ్బరు బొమ్మ ఉంది. తల, మెడ, ఛాతీ అంతే. మా వియ్యంకుడు గారు కొంగని పెట్టెలోంచి తీసి, ఒక్కసారికి వాడి పారేసే పారదర్శకమైన తొడుగు తగిలించి, ఆన్ చేసి, బొమ్మ నోట్లో పెట్టారు. తెర మీద రబ్బరు గొంతు, దాని అడుగున తలుపు రెక్కల్లాంటి స్వరతంత్రులు, వాటి మధ్య శ్వాసనాళం దారి చక్కగా కనిపించాయి. మళ్ళీ తీసి మళ్ళీ పెట్టారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. ఎలా పెట్టినా మచ్చ లేదు.

డాక్టర్ కాని తన చేతిలోనే ఇంత బాగా పనిచేస్తుంటే తొమ్మిదేళ్ళ అనుభవం ఉన్న చేతిలో ఎందుకు చెడిందో కమిటీయే ఆలోచించుకుంటుందన్నారు. డాక్టరమ్మ ఆ బొమ్మ వైపే చూస్తోంది. ఆమె పెదవులు వణకడం నాకు కనిపించింది.

నేనూ బొమ్మనే చూస్తున్నాను. దాని ఛాతీ కదలడం లేదు. కదలదు కూడా. పాపం, దానికి ఊపిరి లేదు.

మాస్కు కిందికి లాగి, కొత్త తొడుగు వేసి ఆ కొంగని నా నోటికి దగ్గరగా పట్టుకోమని డాక్టరమ్మని అడిగాను. ఇదేం పని చెల్లెమ్మగారూ అని వియ్యంకుడు గారు కంగారుపడ్డారు. నోరు బార్లా తెరిచి దాని కంటి మీద గట్టిగా ఊపిరి వదిలాను. ఒకసారి కాదు, మూడుసార్లు. తెర మీద నా పళ్ళు, ఊడిన పంటి ఖాళీతో సహా, నిగనిగలాడుతూ కనిపించాయి. ఆవిరి జాడ లేదు. మా వియ్యంకుడు గారు చాలా మర్యాదగా తల పక్కకి తిప్పుకున్నారు. ఆయన భుజాలు మాత్రం కదిలాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

కోపంలో నాకు బుర్ర బాగా పనిచేస్తుంది. ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు గానీ అది నిజం. బొమ్మతో ఆడుకున్నంతసేపూ కొంగ ఆన్‌లోనే ఉంది. వీడియోలో తెలుపు విడిపోయిందీ అది చాలాసేపు ఆన్‌లో ఉన్నాకే. మధ్యాహ్నం ఆపరేషన్లకి కొంగ ఉదయంనుంచి వరసగా పనిలో ఉంటుంది, చల్లబడే వ్యవధి ఉండదు. మరి ఉదయం మొదటి ఆపరేషనుకి?

"రోగికి మత్తు ఇచ్చేటప్పటికి కొంగ ఎక్కడ ఉంటుందమ్మా?" అని డాక్టరమ్మని అడిగాను.

పెట్టెలో, అదుగో ఆ బల్ల మీద అని చూపించింది. ఆ బల్లకి సరిగ్గా పైన ఏసీ గాలి దిగే జాలీ ఉంది. చెయ్యి పెడితే వేళ్ళు జివ్వుమన్నాయి. కొంగని ఆఫ్ చేసి ఆ గాలి కింద పెట్టించాను. వియ్యంకుడు గారు రెండుసార్లు గోడ గడియారం చూశారు, మూడోసారి నన్ను చూశారు. ఇక చాలనిపించాక డాక్టరమ్మని తియ్యమన్నాను. ఆన్ చేసీ చెయ్యగానే ఒక్క ఊపిరి వదిలాను. ఒక్కటే.

తెర పాలు పోసినట్టు తెల్లబడిపోయింది.

డాక్టరమ్మ పరికరాన్ని అలాగే పట్టుకుని నిలబడింది. చూస్తుండగానే తెలుపు నడిమధ్యన పలచబడి, అంచులదాకా విచ్చుకుంది. మళ్ళీ ఊదాను. పట్టలేదు. హీటరు వేడెక్కింది, అంతే సంగతి. ఆవిరి పట్టని కన్ను అన్నది నిజమే, ముందుగా కాసేపు ఆన్ చేసి ఉంచితేనే నిజం. నాకు ఆ క్షణాన చంటిపిల్లలా గెంతాలనిపించింది. దొంగతనం లేదు, చేతగానితనం లేదు. నా స్నేహితురాలి ముందు తలెత్తుకుని నిలబడవచ్చు అనుకున్నాను.

వియ్యంకుడు గారు తప్పుని తప్పని ఒప్పుకోగలిగిన మనిషే. తాను చూసిన జెల్లీ గొట్టం వేసేటప్పుడు అంటుకునే మామూలు మరకే అయి ఉంటుందనీ, ఆ సంగతి వెనక్కి తీసుకుంటున్నాననీ అన్నారు. కానీ ఆ మాట వెంటే ఇంకోటి వచ్చింది. వాడే ముందు ఆన్ చేసి ఉంచాలని తమ కంపెనీ పుస్తకంలో స్పష్టంగా రాసి ఉందట. మొదటి నెలల్లో ఈ గొడవ లేదంటే అప్పుడు ఎవరో ముందే ఆన్ చేసి ఉంచేవారన్నమాట.

"మరి ఈ నెలలో ఆఫ్‌లో ఉంచమని ఎవరు చెప్పారు?" అని ఆయన అడిగారు.

"నేనే," అంది డాక్టరమ్మ.

నేను ఆమె వైపు తిరిగాను. ఆమె కొంగనే చూస్తూ మెల్లగా చెప్పింది. ఇదివరకు థియేటర్ సర్దేటప్పుడే కొంగని ఒక్కదాన్నే ఆన్ చేసి పెట్టేవారట. అది ఎవరూ చెప్పి చేయించిన పని కాదు, చేతి అలవాటు. కొంగ తెర అప్పటికే వెలుగుతూ ఎదురుగా కనబడుతుంటే చూసేవాళ్ళ మనసు దానివైపు మొగ్గుతుందని ఈమెకి అనుమానం వచ్చింది. పోలిక అన్నాక ఎవరికీ వీసమెత్తు మొగ్గు ఉండకూడదు. అందుకని కవరు తెరిచేదాకా రెండూ పెట్టెల్లో, ఆఫ్‌లో ఉండాలని కొత్త నియమం పెట్టింది. చిలుకకి హీటరు అవసరం లేదు. కొంగకి ఉంది. రెండింటినీ సమానంగా చూడాలనుకుని ఒకదాని కన్ను పొడిచింది.

కంచే చేను మేసినట్టయింది. మోసగాళ్ళు చెయ్యగలిగిన తప్పు కాదిది. అతి న్యాయంగా ఉండాలని చూసేవాళ్ళు మాత్రమే చెయ్యగలరు. కానీ కమిటీకి కావాల్సింది తప్పు ఎవరిదన్నదే, ఎంత మంచి మనసుతో చేశారన్నది కాదు. ఆమెని కాపాడటానికి తవ్విన గొయ్యిలో ఆమెనే దింపానని నాకు అప్పుడు అర్థమైంది. కమిటీ ముందు ఏం చెప్పాలో, ఎంతవరకు చెప్పాలో మెల్లగా అందించబోయాను. ఆమె వినడం లేదు. గోడ గడియారం చూస్తోంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పిన్నిగారూ, ఈ పోలిక ఇక్కడొక్కచోటే కాదు. ఇంకో రెండు ఆసుపత్రుల్లో జరుగుతోంది. నియమం అక్కడా నాదే. వాళ్ళింకా ఆపలేదు."

కమిటీ తేల్చేదాకా సంగతి గడప దాటకూడదని పెద్ద డాక్టరుగారు ఆజ్ఞాపించారట. ఆయన మత్తు విభాగానికి అధిపతి. పరువు సంగతి ఆయనకి ముఖ్యం. ఈ వేళకి అక్కడ మొదటి ఆపరేషన్లు మొదలై ఉంటాయి.

మొదటి ఆసుపత్రికి ఆమె ఫోన్ చేసింది. ఆ రోజు అక్కడ కేసులు మధ్యాహ్నానికి. నాలుగు ముక్కల్లో చెప్పి పెట్టేసింది. రెండోదానికి ఎన్నిసార్లు చేసినా మోగడమే తప్ప ఎత్తే దిక్కు లేదు. థియేటర్లో చేతులు ఖాళీగా లేనప్పుడు ఫోన్లు ఎవరెత్తుతారు?

వియ్యంకుడు గారు తన ఫోన్ బయటికి తీశారు. తమ కంపెనీ మనిషి ఈ రోజు అక్కడి థియేటర్లోనే ఉన్నాడన్నారు. నంబరు నొక్కబోయి ఆగారు.

"డాక్టరుగారూ, ఒక మాట. ఈ ఫోన్‌లో మీరు చెప్పబోయేది మీ మీద మీరే ఇచ్చుకునే సాక్ష్యం. నేను విన్నాక రాయకుండా ఉండలేను."

"రాసుకోండి. ముందు ఫోన్ కలపండి."

ఆయన కలిపి, స్పీకర్ పెట్టి, ఆమె ముందు పట్టుకున్నారు. అవతలివాడి మాట కంటే ముందు మిషన్ చప్పుడు వినిపించింది. మనిషి వేలికి తగిలించే క్లిప్పు నుంచి వచ్చే బీప్ అది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ దాని స్వరం కిందికి దిగుతుందని నాకు తర్వాత చెప్పారు. అప్పుడు తెలియకపోయినా వినడానికే భయంగా ఉంది. ఒక్కో బీప్ ఒక్కో మెట్టు దిగుతోంది.

అక్కడి డాక్టరు గొంతు గాభరాగా వచ్చింది. రోగికి మత్తు ఇచ్చేశారు. కవరులో కొంగ వచ్చింది. తెర తెల్లబడింది. రోగి నోరు రెండు వేళ్ళకంటే తెరుచుకోదు, చిలుక ముక్కు అందులో పట్టదు. మాస్కుతో గాలి సరిగా పోవడం లేదు. కొంగని ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేయబోతున్నామని చెప్పాడు.

"ఆఫ్ చెయ్యొద్దు," అంది డాక్టరమ్మ. ఇందాక వణికిన ఆ పెదవులేనా అనిపించింది. "బయటికి తీసి, ఆన్‌లోనే ఉంచండి. సెలైన్లు వెచ్చబెట్టే అల్మరాలోంచి ఒక సీసా తెప్పించి గిన్నెలో పోసి, కొస అందులో ముంచి పట్టుకోమనండి. మీరు రెండు చేతులతో మాస్కు పట్టుకోండి. గాలి సంచి ఇంకొకర్ని పిసకమనండి. దవడ పైకెత్తండి, ఇంకా ఎత్తండి."

అవతల అడుగుల చప్పుడు. ఎవరో పరుగెత్తారు. బీప్ ఇంకో మెట్టు దిగింది. డాక్టరమ్మ కళ్ళు మూసుకుని, తన దవడ తనే పైకెత్తి నిలబడింది. అది ఆమెకి తెలిసినట్టు లేదు. మా వియ్యంకుడు గారు ఫోన్‌ని ఆమెకి ఇంకా దగ్గరగా జరిపారు. నేను దేవుణ్ణి తలుచుకున్నాను. తప్పేముంది, డిటెక్టివులు కూడా తలుచుకుంటారు.

బీప్ దిగడం ఆగింది. అక్కడే తచ్చాడింది. ఛాతీ లేస్తోందని అవతలి గొంతు చెప్పింది.

బీప్ మళ్ళీ మెట్లెక్కడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ తొందరపడనివ్వలేదు. ఆ స్వరం పైదాకా వచ్చి నిలకడగా ఉండేవరకూ ఆపింది. అప్పుడు కొస తుడిచి, కొత్త తొడుగు వేసి, లోపలికి పంపమంది.

"కనిపిస్తోంది," అన్నాడు అవతలి డాక్టరు. ఆ గొంతులో ఏడుపూ నవ్వూ కలిసిపోయి ఉన్నాయి. "మేడమ్, రెండు తంత్రులూ కనిపిస్తున్నాయి. గొట్టం పోతోంది. పోయింది."

డాక్టరమ్మ ఉన్నచోటే నేలమీద కూలబడింది. చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చింది. నేనూ పక్కన చతికిలబడి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేశాను. నా కళ్ళు కూడా ఊరుకోలేదు. వియ్యంకుడు గారు ఫోన్ ఇంకా అలాగే పట్టుకుని ఉన్నారు.

తల తిప్పితే తలుపు దగ్గర పెద్ద డాక్టరుగారు, ఆయన వెనక ఇద్దరు కమిటీ సభ్యులు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. ఆయన ముఖం చూస్తే చాలాసేపే అయినట్టుంది. ఆ సంగతిని గడప దాటనివ్వనిది తనేనని ఆయనకి ఎవరూ గుర్తుచెయ్యనక్కరలేదు. అది ఆయన ముఖంలోనే ఉంది.

ఫోన్‌లో అవతలి డాక్టరు మళ్ళీ పలికాడు. జరిగిందంతా రోగి కేసుషీటులో ఎక్కించాలనీ, ఈ సలహా ఎవరు చెప్పారని రాయాలో చెప్పమనీ అడిగాడు.

డాక్టరమ్మ తలెత్తింది. సస్పెన్షన్లో ఉన్న మనిషి ఇంకో ఆసుపత్రి రోగికి వైద్యం చెప్పకూడదు. అది తప్పు మీద తప్పు అవుతుందని ఆ గదిలో అందరికీ తెలుసు. మా వియ్యంకుడు గారు నావైపు చూశారు. మొదటిసారి ఆయన కళ్ళలో నా సాయం కావాలన్నట్టు కనిపించింది.

పెద్ద డాక్టరుగారు నాలుగడుగులు వేసి వచ్చారు. వియ్యంకుడు గారి చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు. గొంతు సవరించుకుని, తన పేరూ హోదా చెప్పారు.

"రాసుకోండి," అన్నారు. "డ్యూటీలో ఉన్న మా మత్తు డాక్టరు చెప్పారు."